స్నోలో రియర్‌వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు: టైర్ల ఎంపిక నుంచి డ్రైవింగ్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు వచ్చిందంటే మిషిగన్, ఇల్లినాయ్, మిన్నెసోటా, న్యూజెర్సీల్లో ఉండే మనవాళ్ళ దగ్గర్నుంచి ఇవే సందేహాలు మొదలవుతాయి. ఎండాకాలంలో ముచ్చటపడి మస్టాంగో, మియాటానో, జీఆర్86నో, అంటే ఇంజన్ శక్తి వెనక చక్రాలకే అందే (రియర్‌వీల్ డ్రైవ్) స్పోర్ట్స్ కారు కొనుక్కున్నవాళ్ళు చలి మొదలవగానే టెన్షన్ పడతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు, వరసగా చదవక్కర్లేదు.

## కారు కొనక ముందు

స్నో పడే ఊళ్ళో మస్టాంగ్ కొంటానంటే అందరూ నవ్వుతున్నారు. నిజంగా అంత తెలివితక్కువ పనా?

కాదు. మస్టాంగ్ తయారయ్యేదే మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్‌లో, అక్కడ పడే స్నో తక్కువేం కాదు. నవ్వేవాళ్ళు చూసిన మస్టాంగ్‌లు చాలావరకు సమ్మర్ టైర్ల మీదే రోడ్డెక్కి గుంటలో పడినవి అయ్యుంటాయి. ఇబ్బంది లేదని కాదు. ఇంజన్ ముందు ఉండటంతో బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే ఉంటుంది. తోసే పని చేసే వెనక చక్రాల మీద బరువు తక్కువ. అందుకే కదిలేటప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ ఈ కారు ఇబ్బంది పెడుతుంది. ఆగడానికీ, తిరగడానికీ మాత్రం టైరే ముఖ్యం. మంచి వింటర్ టైర్లు వేసిన మస్టాంగ్, అరిగిన ఆల్ సీజన్ టైర్లతో తిరిగే ఎస్‌యూవీ కంటే ముందే ఆగుతుంది.

ఆల్‌వీల్ డ్రైవ్ కొనుక్కుంటే టైర్ల గొడవే ఉండదట కదా?

ఆల్‌వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందడం) కారును కదిలిస్తుంది, ఆపదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి, కాబట్టి ఆగే దూరాన్ని తేల్చేది రబ్బరూ రోడ్డూ మాత్రమే. లెక్క వేసి చూడండి. పొడి రోడ్డు మీద రాపిడి గుణకం (టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టుకి కొలత) సుమారు 0.8. తొక్కుడు పడి గట్టిపడిన స్నో మీద 0.2 అనుకుందాం. గంటకు 30 మైళ్ళ వేగంలో బ్రేక్ గట్టిగా తొక్కితే పొడి రోడ్డు మీద దాదాపు 12 మీటర్లలో ఆగే కారు, ఈ స్నో మీద 46 మీటర్లు పోతుంది. ఎన్ని చక్రాలకు ఇంజన్ శక్తి అందుతోందన్నది ఈ లెక్కలోకి రాదు. పైగా ఆల్‌వీల్ డ్రైవ్ కారు ఏ ఇబ్బందీ లేకుండా వేగం అందుకుంటుంది. రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకి తెలిసేది మొదటిసారి బ్రేక్ తొక్కినప్పుడే. రియర్‌వీల్ డ్రైవ్ అయితే పార్కింగ్ లాట్ దాటకముందే ఆ కబురు చెప్పేస్తుంది.

మస్టాంగ్, మియాటా, జీఆర్86, కార్వెట్, పోర్షా 911. వీటిలో స్నోకి ఏది నయం?

చోదక చక్రాల (ఇంజన్ శక్తి అందే చక్రాల) మీద ఎంత బరువుంది, టైరు ఎంత సన్నం, కారు నేలకి ఎంత ఎత్తు అన్న మూడూ చూడాలి. 911కి ఇంజన్ వెనక ఇరుసు కంటే కూడా వెనక ఉంటుంది. అందువల్ల రియర్‌వీల్ డ్రైవ్ అయినా స్నోలో చక్కగా కదులుతుంది, కాకపోతే మలుపులో ముక్కు తేలికై తిన్నగా పోవాలని చూస్తుంది. 2020 నుంచి వస్తున్న మిడ్ ఇంజన్ (ఇంజన్ సీట్ల వెనక ఉండే) కార్వెట్‌కీ వెనక బరువు బాగానే ఉంది గానీ, దాని వెనక టైరు 305 మిల్లీమీటర్ల వెడల్పు. అంత వెడల్పు టైరు స్నోని కోసుకుని కిందికి దిగదు, పైన తేలుతుంది. మియాటా తేలిక, టైర్లు సన్నం, కంట్రోల్ చేతిలో ఉంటుంది. జీఆర్86కి టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించేది) ఉంది. మస్టాంగ్ జీటీకి 400 పౌండ్-ఫీట్ పైచిలుకు టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఉంది కాబట్టి పాదం అదుపులో ఉండాలి.

ఇవన్నీ నేలకి ఐదంగుళాల అటూ ఇటూ ఎత్తులోనే ఉంటాయి. అంతకు మించి తాజా స్నో పడి, ప్లో (రోడ్డు మీది స్నో తీసే బండి) ఇంకా రాని రోజున ఏ టైరూ సాయం చెయ్యదు. బంపరే స్నోని తోస్తుంటుంది, కారు అడుగుభాగం స్నో మీద కూర్చుని చక్రాలు గాల్లో తిరుగుతాయి. ఆ రోజు కారు గరాజ్‌లోనే ఉండాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ కుదరని ఉద్యోగమైతే కొనేముందే ఇది ఆలోచించుకోండి.

ఎంఎస్‌కి కొత్తగా వచ్చాను, ఇదే నా మొదటి వింటర్. పాత 350జెడ్ చవగ్గా దొరుకుతోంది, తీసుకోనా?

మొదటి వింటర్‌కి వద్దు. కారు చెడ్డదని కాదు. అమెరికాలో కార్లకు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ (కారు పక్కకి జారకుండా తనంతట తానే సర్దే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2012 మోడల్ నుంచి. అంతకుముందు కార్లలో కొన్నిటికి అది ఉంటుంది, కొన్నిటికి ఉండదు. 350జెడ్ 2000ల నాటి కారు. స్టెబిలిటీ కంట్రోల్ దాని కొన్ని ట్రిమ్‌లలోనే (రకాల్లోనే) వచ్చింది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో మాన్యువల్ గేర్ ఎంత బాగా నడిపినా, వెనక చక్రాలు పక్కకి జారినప్పుడు ఏం చెయ్యాలో అక్కడ నేర్చుకునే అవకాశం రాదు. పైగా చవక కారు కొన్నవాళ్ళు రెండో సెట్ టైర్లకి డబ్బు పెట్టరు. ఒక వింటర్ మామూలు ఫ్రంట్‌వీల్ డ్రైవ్ కారుతో గడిపేయండి, తర్వాత చూద్దాం.

వాడిన కారు చూస్తున్నాను. దానికి ఏ టైర్లున్నాయో చూసి ఎలా చెప్పాలి?

టైరు పక్కగోడ చదవండి. మూడు శిఖరాల కొండ బొమ్మ, అందులో మంచు రేకు గుర్తు ఉంటే స్నో పరీక్ష పాసైన టైరు. ఉత్త ‘ఎం ప్లస్ ఎస్’ మాత్రమే ఉంటే చాలావరకు ఆల్ సీజన్. రెండూ లేకపోతే అది సమ్మర్ టైరనే అనుకోండి. ‘డాట్’ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 3522 అంటే 2022లో 35వ వారం. త్రెడ్ (టైరు గాడుల) లోతుకి క్వార్టర్ నాణెం తలకిందులుగా పెట్టి చూడండి. వాషింగ్టన్ తల పైభాగం పూర్తిగా కనిపిస్తే లోతు 4/32 అంగుళాల కంటే తక్కువ. చట్టం దృష్టిలో చాలా రాష్ట్రాల్లో 2/32 సరిపోతుంది గానీ, స్నోకి 5/32 కంటే తగ్గితే ఆ టైరు పని అయిపోయినట్టే.

## టైర్ల ఎంపిక

నా సమ్మర్ టైర్లు కొత్తవి, త్రెడ్ నిండా ఉంది. నెమ్మదిగా నడిపితే సరిపోదా?

సరిపోదు. ఇక్కడ సమస్య త్రెడ్ కాదు, రబ్బరు. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా ఎలా గడ్డకడుతుందో తెలుసుగా, సమ్మర్ టైరు రబ్బరూ ఇంచుమించు అలాగే బిగుసుకుంటుంది. 45 డిగ్రీల ఫారెన్‌హీట్ (7 సెల్సియస్) కంటే దిగితే పొడి రోడ్డు మీదే పట్టు తగ్గడం మొదలవుతుంది. గడ్డకట్టే చలిలో అయితే రోడ్డులోని గరుకుదనాన్ని పట్టుకునేంత మెత్తదనం అందులో మిగలదు. స్నో పడకపోయినా సరే, డిసెంబరు పొద్దున మలుపులో వెనక భాగం పక్కకి పోవడానికి ఇదే కారణం.

ఇంకో ప్రమాదం ఉంది. 20 డిగ్రీల ఫారెన్‌హీట్ (మైనస్ 7 సెల్సియస్), అంతకంటే చలిలో సమ్మర్ టైర్లతో కారు కదిలిస్తే రబ్బరు పగుళ్ళు ఇవ్వొచ్చు. తయారీ కంపెనీలే ఈ హెచ్చరిక ఇస్తాయి, ఇలా పగిలిన టైరుకి వారంటీ కూడా మామూలుగా వర్తించదు. మీ కారుకి ఫ్యాక్టరీ నుంచి ఏమొచ్చాయో చూసుకోండి. మస్టాంగ్ జీటీ పర్ఫార్మెన్స్ ప్యాకేజ్‌తో ఏళ్ళ తరబడి వచ్చిన పైలట్ స్పోర్ట్ 4ఎస్, జీఆర్86 ప్రీమియంతో వచ్చే పైలట్ స్పోర్ట్ 4, రెండూ సమ్మర్ టైర్లే. షోరూమ్‌లో ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు.

ఆల్ సీజన్, ఆల్ వెదర్, వింటర్. మూడింటికీ తేడా ఏంటి?

ఆల్ సీజన్ అంటే అన్ని కాలాలూ అని పేరే గానీ, అసలు ఉద్దేశం వాన, ఎండ, ఎప్పుడో కాస్త స్నో. దాని మీదుండే ‘ఎం ప్లస్ ఎస్’ గుర్తు త్రెడ్ గాడుల ఆకారాన్ని బట్టి ఇచ్చేది, దానికి రోడ్డు పరీక్ష లేదు. ఆల్ వెదర్ టైరు (మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 లాంటివి) ఏడాది పొడుగునా ఉంచుకునేదే, కానీ కొండ గుర్తు సంపాదించుకున్నది. వింటర్ టైరు చలి కోసమే పుట్టింది. రబ్బరు మెత్తన, త్రెడ్ దిమ్మల మీద కత్తితో గీసినట్టు సన్నటి గాట్లు బోలెడు. ఆ గాట్ల అంచులే స్నోని కరుచుకుంటాయి. వాటిలో ఇరుక్కున్న స్నో, రోడ్డు మీది స్నోని పట్టుకుంటుంది. అందుకే నిండా స్నో పట్టిన వింటర్ టైరుని చూసి కంగారుపడక్కర్లేదు.

ఏడాదికి నాలుగైదు సార్లే స్నో పడి, మధ్యాహ్నానికి కరిగిపోయే వర్జీనియా, నార్త్ కరోలినా వైపు ఆల్ వెదర్ చాలు. మిషిగన్, మిన్నెసోటా, బఫలో వైపు రియర్‌వీల్ డ్రైవ్ అంటే నేను వింటర్ టైరు తప్ప ఇంకోటి చెప్పను.

కొండ గుర్తు రెండింటికీ ఉన్నప్పుడు వింటర్ టైరుకి అదనంగా డబ్బెందుకు?

ఆ గుర్తు 1999లో వచ్చింది. దానికి చేసే పరీక్ష ఒక్కటే: గట్టిపడిన స్నో మీద టైరు ముందుకి తోయగల శక్తిని ఒక ప్రామాణిక టైరుతో పోల్చి చూస్తారు. బ్రేక్ పరీక్ష లేదు, మలుపు పరీక్ష లేదు, ఐస్ మీద పరీక్ష అసలే లేదు. బొటాబొటి మార్కులతో పాసైన టైరుకీ, వందకి వంద తెచ్చుకున్న టైరుకీ అదే ముద్ర. అసలు తేడా తెలిసేది సిగ్నల్ దగ్గర నున్నగా మెరిసే ఐస్ మీద. మంచి వింటర్ టైరు అక్కడ పనికొచ్చేలా ప్రత్యేకమైన రబ్బరుతో చేస్తారు. బ్రిడ్జ్‌స్టోన్ వాళ్ళ వింటర్ టైరు బ్లిజాక్ రబ్బరులోని సూక్ష్మ రంధ్రాలు ఐస్ మీద ఏర్పడే పల్చటి నీటి పొరను పీల్చేందుకే.

వింటర్ టైర్లలోనూ రెండు రకాలట. స్పోర్ట్స్ కారుకి పర్ఫార్మెన్స్ వింటరే వేయాలా?

వేయాలని లేదు. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ డబ్ల్యూఎస్90, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, కాంటినెంటల్ వైకింగ్‌కాంటాక్ట్ 7, నోకియన్ హక్కపెలిట్టా ఆర్5 లాంటివి ఐస్, లోతు స్నో కోసం. మిషెలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లి సొట్టోజీరో లాంటివి పర్ఫార్మెన్స్ వింటర్ టైర్లు. ఇవి జర్మన్ ఆటోబాన్ లాంటి వేగాలకి సరిపోయేలా తయారైనవి. పొడి రోడ్డు మీద స్టీరింగ్ చక్కగా స్పందిస్తుంది, స్నోలోనూ బాగుంటాయి, ఐస్ మీద మాత్రం మొదటి రకం ముందు తగ్గుతాయి.

మీరు రోజూ తిరిగే రోడ్డుని బట్టి తేల్చుకోండి. షికాగో శివార్లలోనో, న్యూజెర్సీలోనో ప్లో, ఉప్పు తెల్లారేలోగా పడిపోయే హైవేల మీదే తిరిగేవాళ్ళకి పర్ఫార్మెన్స్ రకం సుఖం. మీ సబ్‌డివిజన్‌లోకి (ఇళ్ళ కాలనీలోకి) ప్లో మధ్యాహ్నం దాకా రాకపోతే, డ్రైవ్‌వే వాలుగా ఉంటే, ఊరు మినియాపొలిస్ లాంటిదైతే మొదటి రకమే. దానితో మలుపుల్లో కారు కాస్త ఊగినట్టుంటుంది, గట్టిగా తిప్పితే ఆలస్యంగా స్పందిస్తుంది. స్పోర్ట్స్ కారు మజా తగ్గిందని మొదటి వారం విసుక్కుంటారు. జనవరిలో ఐస్ మీద ఒక్కసారి ఆగాక ఆ విసుగు ఉండదు. స్పీడ్ రేటింగ్ తక్కువగా ఉంటుందని కూడా బెంగ వద్దు. టి రేటింగ్ అంటే గంటకు 118 మైళ్ళు, స్నో రోడ్డు మీద అంత వేగం ఎవరికి కావాలి?

మేకులున్న స్టడెడ్ టైర్లు ఇంకా మంచివి కదా?

తడి ఐస్ మీద వాటికి సాటి లేదు. కానీ రోడ్డుని చెక్కేస్తాయని మిన్నెసోటా, ఇల్లినాయ్ లాంటి చోట్ల సాధారణ వాహనదారులకి నిషేధం. కొన్ని రాష్ట్రాల్లో ఫలానా నెలల్లోనే వాడాలి. చప్పుడు కూడా ఎక్కువ. ఊళ్ళలో తిరిగే స్పోర్ట్స్ కారుకి అనవసరం.

కారుని తోసేది వెనక చక్రాలే కాబట్టి వెనక రెండింటికే వింటర్ టైర్లు వేస్తే చాలుగా?

చాలదు, ఇందులో బేరం లేదు. అప్పుడు కారు చక్కగా కదులుతుంది, ఆ నమ్మకంతో వేగం అందుకుంటారు. తీరా మలుపు వచ్చాక ముందు చక్రాలు మాట వినవు. బ్రేకింగ్‌లో ఎక్కువ పని చేసేదీ ముందు చక్రాలే. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఉండాలి. డబ్బు సరిపోకపోతే నాలుగు ఆల్ వెదర్ టైర్లు వేయడం, రెండు వింటర్ టైర్లు వేయడం కంటే వంద రెట్లు మేలు.

వెడల్పు టైరుకి గ్రిప్ ఎక్కువ అంటారు. స్నోకి సన్నవి వేయమంటున్నారేంటి?

పొడి రోడ్డు లెక్క వేరు. స్నోలో సన్న టైరు అదే బరువుని తక్కువ వెడల్పులో మోపి, కిందికి కోసుకుని దిగుతుంది. ముందు తోసుకోవలసిన స్నో కూడా తక్కువ. అందుకే ఒక సైజు చిన్న రిమ్ము, సన్నం టైరు, ఎత్తైన పక్కగోడ మంచి కలయిక. 2015–2023 మస్టాంగ్‌కి 255, 275 వెడల్పుల్లో 19 అంగుళాల టైర్లున్నా, మామూలు జీటీకి వచ్చిన 235/50ఆర్18 (235 మిల్లీమీటర్ల వెడల్పు, 18 అంగుళాల రిమ్ము) వింటర్‌కి చక్కగా సరిపోతుంది. జీఆర్86కి 18 బదులు బేస్ మోడల్ సైజు 215/45ఆర్17. మియాటాకి 17 బదులు 195/50ఆర్16.

ఇక్కడొక మెలిక ఉంది. పెద్ద బ్రెంబో బ్రేకులున్న కారుకి చిన్న రిమ్ము పట్టదు. బ్రెంబో మియాటాకి 16 అంగుళాలు ఎక్కవు, పర్ఫార్మెన్స్ ప్యాకేజ్ మస్టాంగ్‌కి చాలా 18 అంగుళాల రిమ్ములు కాలిపర్‌కి (డిస్కుని నొక్కే బ్రేక్ భాగానికి) తగులుతాయి. ఆర్డర్ పెట్టేముందు ‘నా బ్రేకులు ఇవి’ అని స్పష్టంగా చెప్పండి. ముందొక వెడల్పు, వెనకొక వెడల్పు ఉన్న కార్లకి వింటర్‌లో వీలైతే నాలుగూ ఒకే సైజు వేయండి. ముందువి వెనక్కి మార్చుకుంటూ సమానంగా అరగదీసుకోవచ్చు.

## బిగించే ముందు, బిగించాక

టైర్లు ఒక్కటే కొని ఉన్న రిమ్ములకే మార్పిస్తే ఖర్చు తగ్గదా?

మొదటి ఏడాది తగ్గుతుంది. తర్వాత ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించి బ్యాలెన్స్ చేయించిన కూలీ కలిపితే రెండో సెట్ రిమ్ముల ఖర్చు కొన్నేళ్ళలో వచ్చేస్తుంది. ఉప్పూ, గుంతలూ మీ అసలు రిమ్ముల్ని పాడు చెయ్యవు, అది అదనం. ప్రెషర్ సెన్సర్లు మాత్రం మర్చిపోవద్దు. రిమ్ము లోపల సెన్సర్ ఉండే కారైతే రెండో సెట్‌కి కూడా కావాలి, లేకపోతే వింటరంతా డాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఎప్పుడు మార్పించుకోవాలి? మొదటి స్నో దాకా ఆగొచ్చా?

స్నో కోసం చూడొద్దు, థర్మామీటర్ చూడండి. పొద్దున, సాయంత్రం వరసగా 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి దిగుతున్నాయంటే సమయం వచ్చినట్టే. మొదటి స్నో కబురు టీవీలో రాగానే టైరు షాపుల ముందు క్యూ కడతారు, మీ సైజు దొరకదు. స్పోర్ట్స్ కార్ల సైజులు అసలే తక్కువ తెప్పిస్తారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొనిపెట్టుకోండి.

చట్టం కూడా చూసుకోవాలి. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అక్కడ రిజిస్టరైన కార్లకి వింటర్ టైర్లు తప్పనిసరి. కొలరాడోలో ఐ-70 హైవే మీద మోరిసన్, డాట్‌సీరో మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా టూవీల్ డ్రైవ్ కార్లకి కనీసం 3/16 అంగుళాల త్రెడ్‌తో స్నోకి తగిన టైర్లుండాలి, లేదా టైర్లకి చుట్టే చైన్ల లాంటి ప్రత్యామ్నాయం కార్లో ఉండాలి. డెన్వర్‌లో ఉంటూ వారాంతం స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

స్నోకి టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని విన్నాను.

ఇసుకలో ఆ చిట్కా పనిచేస్తుంది, రోడ్డు మీద స్నోకి కాదు. డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె పాటించండి. 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి పెరిగితే సుమారు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దానంతటదే తగ్గుతుంది. 60 డిగ్రీల్లో నింపిన టైరు 10 డిగ్రీల పొద్దుటికి 5 పీఎస్ఐ కోల్పోతుంది.

డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకోవాలా?

మస్టాంగ్ లాంటి కారుకి కాస్త ఉపయోగమే. 20, 30 కిలోల బస్తాలు రెండు, వీలైనంత వెనక ఇరుసు మీదికి వచ్చేలా, కదలకుండా కట్టి ఉంచండి. మరీ వెనక బంపర్ దగ్గర పెడితే కారు గిర్రున తిరిగిపోయే గుణం పెరుగుతుంది. బరువు పెరిగితే ఆపడానికీ పని పెరుగుతుంది, ఇది టైర్లకి బదులు కాదు. ఇరుక్కున్నప్పుడు చక్రాల కింద చల్లుకోవడానికి ఆ ఇసుకే అక్కరకొస్తుంది. మియాటాలో చోటు లేదు, అవసరమూ అంతగా లేదు. 911, కార్వెట్‌లకి అసలు వద్దు.

పొద్దున్నే డోర్ తీస్తే అద్దం రబ్బరుకి అంటుకుపోతోంది. పగులుతుందేమో?

మస్టాంగ్, జీఆర్86 డోర్లకి అద్దం చుట్టూ ఫ్రేమ్ ఉండదు. హ్యాండిల్ లాగగానే అద్దం కాస్త కిందికి దిగి, మూశాక పైకెక్కుతుంది. ఐస్ పట్టేస్తే దిగలేదు. బలవంతంగా లాగొద్దు. అరచేత్తో అద్దం అంచుల వెంబడి నెమ్మదిగా నొక్కి ఐస్ విడగొట్టండి. వేడినీళ్ళు పొయ్యొద్దు, అద్దం పగిలేది అప్పుడే. రబ్బరుకి నవంబరులోనే సిలికాన్ పూస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మియాటా గుడ్డ టాప్ మీద స్క్రేపర్ వాడొద్దు, మెత్తటి బ్రష్‌తో దులపండి, గడ్డకట్టి ఉండగా మడవొద్దు. ఏ కారుకైనా పైకప్పు మీది స్నో పూర్తిగా తీసేయాలి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో అది చట్టం కూడా.

## రోడ్డు మీద

సిగ్నల్ పడగానే వెనక చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలట్లేదు. ఏం చెయ్యాలి?

పాదం తగ్గించండి. తిరిగే చక్రం కింద స్నో కరిగి ఐస్‌గా మారుతుంది, ఆ తర్వాత ఇంకా కష్టం. మాన్యువల్ అయితే రెండో గేర్‌లో, ఇంజన్ వేగం తక్కువ ఉంచి, క్లచ్ మెల్లగా వదలండి. ఆటోమేటిక్ అయితే స్నో మోడ్ వాడండి. 2015–2023 మస్టాంగ్‌లో ‘స్నో/వెట్’, ఆటోమేటిక్ జీఆర్86లో ‘స్నో’ ఉంటాయి, అవి యాక్సిలరేటర్ స్పందనని మందగిస్తాయి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న కారు త్వరగా కదులుతుంది, కానీ పట్టు తప్పితే రెండు చక్రాలూ ఒకేసారి తప్పి తోక పక్కకి వెళ్తుంది. అది తెలిసి తొక్కండి.

ట్రాక్షన్ కంట్రోల్ ఆపేస్తే మంచిదా?

ఇరుక్కుపోయి బయటపడాల్సినప్పుడు మాత్రమే. చక్రం తిరగగానే అది ఇంజన్ శక్తిని కోసేస్తుంది, లోతు స్నోలో కారు అక్కడే నిలబడిపోతుంది. బయటపడగానే మళ్ళీ ఆన్ చెయ్యండి. స్టెబిలిటీ కంట్రోల్‌ని పబ్లిక్ రోడ్డు మీద ఎప్పుడూ ఆపొద్దు.

బ్రేక్ తొక్కకుండా గేర్ తగ్గించి ఇంజన్ బ్రేకింగ్ వాడమని మా నాన్నగారు చెప్పేవారు. స్నోకి అదే పద్ధతా?

ఘాట్ రోడ్డు దిగడానికి నాన్నగారి మాట సరైనదే. స్నోలో రియర్‌వీల్ డ్రైవ్‌కి అదే సలహా ఎదురుతిరుగుతుంది. బ్రేక్ నాలుగు చక్రాల మీదా పనిచేస్తుంది, పైగా ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కాపలా ఉంటుంది. ఇంజన్ బ్రేకింగ్ పడేది వెనక రెండింటి మీదే, దానికి ఏబీఎస్ లేదు. మూడు నుంచి రెండుకి దించి క్లచ్ టక్కున వదిలితే వెనక చక్రాలు ఒక్క క్షణం పట్టు కోల్పోతాయి. మలుపులో ఉంటే కారు గిర్రున తిరగడానికి ఆ క్షణం చాలు. గేర్ దించాల్సి వస్తే తిన్నగా ఉన్నప్పుడే దించండి. ఇంజన్ వేగాన్ని కాస్త పెంచి కలిపి, క్లచ్ నిదానంగా వదలండి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలినా ఇదే జరుగుతుంది.

ఆపాలంటే బ్రేకే. ముందు నుంచే, మెత్తగా. అత్యవసరమైతే గట్టిగా తొక్కి పట్టుకోండి. పాదం కింద టకటకమంటే అది ఏబీఎస్, పాదం తీయకండి.

ఏ చలిలో రోడ్డు ఎక్కువ జారుతుంది? మైనస్ 20లోనా?

చాలామంది అలాగే అనుకుంటారు గానీ, 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఐస్ మీద నీటి పొర ఉంటుంది, అప్పుడే ఎక్కువ జారుడు. అంతకంటే బాగా చలిలో, నీటి పొర లేని ఐస్ దానికంటే నయం. కాకపోతే 15 డిగ్రీలకి దిగువన మామూలు ఉప్పు సరిగ్గా పనిచెయ్యదు. వంతెనలు కింద నుంచి కూడా చల్లబడతాయి కాబట్టి రోడ్డు కంటే ముందు గడ్డకడతాయి. వంతెన మీద స్టీరింగ్, పాదం రెండూ నిశ్చలంగా ఉంచి దాటండి.

వెనక భాగం పక్కకి జారింది. ఆ క్షణంలో ఏం చెయ్యాలి?

యాక్సిలరేటర్ నుంచి పాదం మెల్లగా తీయండి. మాన్యువల్ అయితే క్లచ్ నొక్కితే వెనక చక్రాలు స్వేచ్ఛగా తిరిగి పట్టు తెచ్చుకుంటాయి. కళ్ళు మీరు వెళ్ళాల్సిన దారి మీద పెట్టండి, గుద్దుకుంటామనుకునే చెట్టు మీదో గార్డ్‌రైల్ మీదో కాదు. చేతులు కళ్ళనే అనుసరిస్తాయి. కారు ముక్కు ఎడమకి తిరిగితే స్టీరింగ్ కుడికి, కావలసినంతే.

ఎక్కువమంది పడిపోయేది ఆ తర్వాతి క్షణంలో. మొదటి జారుడు సర్దుకుంటుంది, స్టీరింగ్ మాత్రం ఇంకా కుడికే ఉంటుంది. వెనక టైర్లకి పట్టు దొరకగానే కారు ఇంకా జోరుగా రెండో వైపుకి విసురుతుంది. అందుకే ముక్కు తిన్నగా రావడం మొదలవగానే స్టీరింగ్‌ని కూడా దానితోపాటే వెనక్కి తెచ్చెయ్యాలి. తిరగడం ఇక ఆగదని తెలిసిపోతే బ్రేక్ గట్టిగా నొక్కి పట్టుకోండి.

దీన్ని చదివి నేర్చుకోవడం కష్టం. యజమాని అనుమతి ఉన్న ఖాళీ స్థలంలో, దీపస్తంభాలు లేనిచోట, తక్కువ వేగంలో చేసి చూడండి. డబ్బు పెట్టగలిగితే న్యూహాంప్‌షైర్‌లోని టీమ్ ఓ’నీల్ ర్యాలీ స్కూల్ లాంటి చోట ఇదే నేర్పుతారు.

స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగా పోతోంది. ఇంకా తిప్పాలా?

వద్దు. ముందు టైర్లు ఇప్పటికే జారుతున్నాయి, ఇంకా తిప్పితే ఇంకా జారుతాయి. పాదం తగ్గించి స్టీరింగ్ కొంచెం తిన్నగా తీసుకురండి, పట్టు తిరిగి దొరికాక మళ్ళీ తిప్పండి. మనసు ఒప్పుకోదు, కానీ పనిచేసేది అదే.

ఎత్తు ఎక్కుతుంటే మధ్యలో ఆగిపోయాను.

బలవంతం చెయ్యకండి, తోక పక్కకి తిరిగి దారికి అడ్డం పడతారు. వెనక ఎవరూ లేరని చూసుకుని, తిన్నగా వెనక్కి దిగి, కింద చదునులో ఊపు అందుకుని నిలకడైన వేగంతో ఎక్కండి. పైన ఆగాల్సిన సిగ్నల్ ఉందా అన్నది ఎక్కేముందే చూసుకోవాలి. వేరే దారి ఉంటే అదే నయం.

## ఇరుక్కుంటే

స్నోలో కూరుకుపోయాను. సాయం వచ్చేదాకా హీటర్ వేసుకుని కూర్చోవచ్చా?

ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ స్నో తవ్వేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది, వాసన రాదు, ప్రాణం తీస్తుంది. కిందుగా ఉండే స్పోర్ట్స్ కారుకి ఈ ప్రమాదం ఎక్కువ. గొట్టం శుభ్రంగా ఉన్నా ఇంజన్‌ని కాసేపు వేసి, కాసేపు ఆపుతూ, అద్దం కొద్దిగా తెరిచి ఉంచండి. బయటపడటానికి వెనక చక్రాల ముందూ వెనకా తవ్వి, ఇసుకో క్యాట్ లిటరో చల్లి, ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఊపండి. కార్లో చిన్న పార, దుప్పటి, గ్లౌజులు, ఫోన్ చార్జర్ ఎప్పుడూ ఉండాలి.

చైన్లు కొనిపెట్టుకోనా?

ముందు ఓనర్స్ మాన్యువల్ చూడండి. టైరుకీ ఫెండర్‌కీ మధ్య చోటు చాలక చాలా స్పోర్ట్స్ కార్లకి చైన్లు వద్దంటారు, లేదా ఫలానా సైజు టైరుకే అనుమతిస్తారు. తక్కువ మందం ఉండే ‘క్లాస్ ఎస్’ కేబుళ్ళో, టైరుకి తొడుగులా వేసే గుడ్డ సాక్సులో కొన్నిటికి పడతాయి. రియర్‌వీల్ డ్రైవ్‌కి ఇవి వెనక చక్రాలకి. ఇంట్లోనే ఒకసారి బిగించి చూసుకోండి, చీకట్లో కొండ రోడ్డు మీద సూచనల కాగితం చదవడం అయ్యే పని కాదు.

## సీజన్ అయ్యాక

వింటర్ టైర్లని ఎండాకాలం కూడా నడిపేస్తే ఏమవుతుంది?

మెత్తటి రబ్బరు వేడి రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది, బ్రేక్ దూరం కూడా పెరుగుతుంది. పగలూ రాత్రీ 45 డిగ్రీలు దాటడం స్థిరపడ్డాక తీసేయండి. మిషిగన్‌లో అది మామూలుగా ఏప్రిల్.

తీసిన టైర్లు ఎక్కడ, ఎలా పెట్టాలి?

కడిగి, ఆరబెట్టి, ఏ టైరు ఏ మూలదో సుద్దతో రాసి, ఒక్కోటి సంచిలో పెట్టి చల్లటి చీకటి చోట ఉంచండి. ఎండ తగలకూడదు. ఫర్నేస్, ఎలక్ట్రిక్ మోటార్ల పక్కన వద్దు, వాటి నుంచి వచ్చే ఓజోన్ రబ్బరుని పాడు చేస్తుంది. సమ్మర్ టైర్లని వేడి లేని గరాజ్‌లో పెట్టి ఉంటే, బాగా చలి రోజున వాటిని ఎత్తెయ్యడం, నొక్కడం చెయ్యకండి.

ఉప్పుకి కారు తుప్పు పడుతుందా? ఎంత తరచుగా కడగాలి?

పడుతుంది. చలి 32 డిగ్రీలకి పైన ఉన్న రోజు చూసి, అడుగుభాగం కడిగే కార్‌వాష్‌కి పది, పదిహేను రోజులకోసారి తీసుకెళ్ళండి. కడిగాక డోర్ రబ్బర్లు తుడవండి, లేకపోతే రాత్రికి డోర్లు బిగుసుకుపోతాయి. హ్యాండ్‌బ్రేక్ కూడా తడిగా ఉండి గడ్డకట్టొచ్చు. ఆ రాత్రి చదునైన చోట గేర్‌లోనో, పార్క్‌లోనో పెట్టి వదిలేయండి. ఏప్రిల్‌లో టైర్లు మార్చే రోజున ఫెండర్ లోపల పేరుకున్న ఉప్పు, మట్టి కూడా పైపుతో కొట్టించండి. చక్రాలు ఊడదీసి ఉన్నప్పుడు అది అందినంత బాగా ఇంకెప్పుడూ అందదు.